యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్123 - ఇంకెన్నాళ్ళు?

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇంత పప్పన్నం తిని అలా నడుం వాల్చానో లేదో, మా బాబాయి కూతురి ఫోను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది.

"అన్నయ్యా, అర్జెంటు. లాగిన్ ప్రోగ్రాం రాశాను. కరెక్ట్ పాస్‌వర్డ్ కొట్టినా ఇన్‌వాలిడ్ అంటోంది. రెండూ ప్రింట్ చేసి చూశా, అక్షరం తేడా లేదు. లాప్‌టాప్ గానీ పాడైపోయిందంటావా?"

జావా తెలిసినవాళ్ళకి రోగం ఈపాటికే తెలిసిపోయుంటుంది. రెండు స్ట్రింగుల మధ్య == పెట్టింది. జావాలో స్ట్రింగులకి == పెడితే అది అక్షరాలు చూడదు, రెండూ మెమరీలో ఒకే చోట ఉన్నాయా లేదా అని చూస్తుంది. కోడ్‌లోనే రెండు చోట్ల "అడ్మిన్" అని రాసుకుంటే కంపైలర్ పొదుపు కోసం రెంటికీ ఒకటే కాపీ ఉంచుతుంది, అప్పుడు == పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కీబోర్డు నుంచి స్కానర్‌తో తీసుకున్నది మాత్రం వేరే కాపీ. అందుకే ఒకలాగే కనిపించినా ఒకటి కాదంటుంది. ఈక్వల్స్ వాడమన్నాను. వాడింది. "లాగిన్ సక్సెస్" అని వచ్చింది. పిల్ల ఎగిరి గంతేసింది.

నేను ఫోను పెట్టేసి పడుకోవచ్చు. కానీ నోరూరుకోదుగా. "ఇంతకీ ఆ పాస్‌వర్డ్ ఎక్కడ పెట్టావే?" అనడిగా.

"ఎక్కడేంటి, కోడ్‌లోనే. యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్123. మా సార్ అలాగే చెప్పారు. రికార్డులో కూడా అదే."

ఇక నిద్ర పట్టలేదు. ఆ కడుపుమంటే ఇవాళ్టి టపా. (పాస్‌వర్డుని సంకేతపదం అనాలని తెలుసు. రెండువేల పదాల టపాలో అంత ఓపిక లేదు, క్షమించెయ్యండి.)

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్పేస్తా. మన కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో, యూట్యూబు పాఠాల్లో "బిగినర్ల కోసం సింపుల్ లాగిన్ ప్రోగ్రాం" అని నేర్పేది సింపులూ కాదు, లాగినూ కాదు. అది ఒక చెడ్డ అలవాటుకి అక్షరాభ్యాసం. దాన్ని సరిగ్గా నేర్పండి, లేదా పూర్తిగా మానెయ్యండి. "తర్వాత తెలుసుకుంటార్లే" అనే మాట అబద్ధం. ఎందుకు అబద్ధమో నా సొంత అనుభవంతో చెబుతాను, కాస్త ఆగండి.

ముందు ఆ ప్రోగ్రామునే ఓసారి పోస్టుమార్టం చేద్దాం. మనందరి ల్యాబు రికార్డులో ఉన్నదే కదా. నీలం రంగు టర్బో సీ తెర. యూజర్‌నేముకి పది అక్షరాల అర్రే, పాస్‌వర్డుకి పది అక్షరాల అర్రే. గెట్చ్ పెట్టి ఒక్కో అక్షరానికీ ఒక్కో చుక్క ప్రింటు చేస్తే అదొక పెద్ద ఘనకార్యం. మా బ్యాచిలో ఆ చుక్కలొచ్చిన వాడు హీరో.

మొదటి తప్పు, ఇన్‌పుట్ తీసుకోవడం. పది అక్షరాల డబ్బాలోకి గెట్స్‌తోనో, హద్దు చెప్పని స్కాన్ఎఫ్‌తోనో చదివిస్తాం. వాడేమో ముప్పై అక్షరాలు కొడతాడు. మిగతావి ఎక్కడికి పోతాయి? పక్కనున్న మెమరీ మీద పడతాయి. అదృష్టం బాగుంటే ప్రోగ్రాం చస్తుంది. బాగోకపోతే, ఆ పక్కనే "లాగిన్ అయ్యాడా లేదా" అనే వేరియబుల్ ఉండి అది సున్నా కాకుండా పోతుంది. పాస్‌వర్డ్ తెలియకపోయినా తలుపు తెరుచుకుంటుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్టుని అతలాకుతలం చేసిన మోరిస్ వర్మ్ దూరిన దారుల్లో ఈ గెట్స్ ఒకటి. 2011 నాటి సీ ప్రమాణంలోంచి దాన్ని తీసేశారు కూడా. మన ల్యాబు మాన్యువళ్ళలో మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

రెండో తప్పు, జవాబు చెప్పే తీరు. ముందు యూజర్‌నేమ్ చూస్తాం, లేకపోతే "అలాంటి యూజర్ లేడు" అంటాం. ఉంటే పాస్‌వర్డ్ చూస్తాం, కుదరకపోతే "పాస్‌వర్డ్ తప్పు" అంటాం. అంటే తలుపు కొట్టిన దొంగకి "ఆయన ఈ ఇంట్లోనే ఉంటాడు బాబూ, తాళంచెవి ఒక్కటే నీది కాదు" అని చెప్పి పంపడం. ఏది తప్పయినా ఒకటే జవాబు రావాలి. దీనికి అదనంగా ఒక్క లైను కూడా రాయక్కర్లేదు, పైగా ఒక లైను తగ్గుతుంది.

మూడో తప్పు, ఆ "మూడు అవకాశాలు". ఫర్ లూప్ పెట్టి మూడుసార్లు తప్పు కొడితే బయటికి గెంటేస్తాం. ఎగ్జామినర్ కూడా మెచ్చుకుంటారు. ప్రోగ్రాం మూసి మళ్ళీ తెరవండి. మళ్ళీ మూడు అవకాశాలు. లెక్క ఆ ప్రోగ్రాం కడుపులోనే ఉంది కాబట్టి దాంతోపాటే పోతుంది. ఎన్నిసార్లు తప్పు కొట్టాడన్నది ఆ ఖాతా దగ్గర, ప్రోగ్రాం చచ్చినా బతికుండే చోట రాసుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

నాలుగోది, అన్నిటికంటే ఘోరమైనది: పాస్‌వర్డుని ఉన్నదున్నట్టు దాచుకోవడం. ఈ ప్రోగ్రాములో అది కోడ్‌లోనే ఉంది. కంపైల్ చేశాక ఎవరికీ కనపడదనుకుంటారు చాలామంది. లినక్సులో స్ట్రింగ్స్ అనే చిన్న కమాండు ఉంది, ఆ ఎగ్జిక్యూటబుల్ ఫైలు మీద కొట్టి చూడండి, చక్కగా వరసలో అడ్మిన్123 కూడా వచ్చి నిలబడుతుంది. కుర్రాడు కొంచెం ఎదిగాక కోడ్‌లోంచి తీసి టెక్స్ట్ ఫైల్లో పెడతాడు. ఇంకొంచెం ఎదిగాక మైఎస్‌క్యూఎల్ టేబుల్లో పాస్‌వర్డ్ అని ఒక కాలమ్ పెడతాడు. చోటు మారింది గానీ తప్పు మారలేదు. మెదడులో నాటుకుపోయిన బొమ్మ ఒకటే: "యూజర్ కొట్టినది, నా దగ్గరున్నది, రెండూ ఒకటేనా?"

అసలు చిక్కంతా ఆ బొమ్మతోనే. సరైన లాగిన్ ప్రోగ్రాం దగ్గర యూజర్ పాస్‌వర్డ్ ఉండనే ఉండకూడదు.

ఇప్పుడు నా కథ. 2019లో ఉద్యోగంలో చేరిన కొత్త. ఒక చిన్న క్లయింటుకి, తల్లిదండ్రులు పిల్లల ఫీజులు కట్టుకునే పోర్టల్ రాస్తున్నాం. లాగిన్ నాకిచ్చారు. నాకు తెలిసిన లాగిన్ ఒకటేగా, ల్యాబు రికార్డులోది! టేబుల్లో పాస్‌వర్డ్ కాలమ్ పెట్టాను. సపోర్టు వాళ్ళు "పాస్‌వర్డ్ మర్చిపోయామని ఫోన్లొస్తున్నాయి, మాకు కనిపించేలా పెట్టవా" అంటే అడ్మిన్ స్క్రీన్లో ఆ కాలమ్ కూడా చూపించాను. అందరూ భలే అన్నారు. నేనూ పొంగిపోయాను.

ఓ రోజు నా వెనక సీట్లో సపోర్టు కుర్రాడు ఫోన్లో మాట్లాడుతున్నాడు. అవతల ఎవరో అమ్మ. స్పీకర్ పెట్టాడు. స్క్రీన్ చూసి చెప్పేశాడు: "మీ పాస్‌వర్డ్ ఇదండీ మేడమ్" అని ఒక మనిషి పేరు, పక్కన ఒక సంవత్సరం. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆవిడ మెల్లగా అడిగింది, "అది మీకెలా తెలుసు బాబూ?" అని. "సిస్టంలో కనిపిస్తోందండీ" అన్నాడు వీడు, మామూలుగా. "నా బ్యాంకుకి కూడా అదే పెట్టుకున్నాను నాయనా" అందావిడ.

ఆ పేరెవరిదో నాకు తెలీదు, తెలుసుకునే హక్కు కూడా నాకు లేదు. కానీ ఆవిడ ఎవరికీ చెప్పని మాటొకటి మా ఆఫీసు స్పీకర్లో వినిపించిందని మాత్రం అర్థమైంది. అలా వినిపించేలా చేసింది నేను. హ్యాకరు కాదు, ఎక్కడో చీకటి గదిలో కూర్చున్న దొంగ కాదు. ఫస్టు క్లాసులో పాసైన ఇంజనీరు.

టీం లీడు దగ్గరికి పరిగెత్తాను. ఆయన మంచివాడే, కానీ "లైవులో ఉంది, కదపకు, తర్వాత చూద్దాం" అన్నారు. స్క్రీన్ మీంచి కాలమ్ తీసెయ్యడానికి ఆ రోజే ఒప్పుకున్నారు. టేబుల్లో ఉన్న పాస్‌వర్డులన్నీ హ్యాష్ చేసే స్క్రిప్టు రాయడానికి నాకు పట్టింది ఒక మధ్యాహ్నం. దాన్ని నడపడానికి అనుమతి రావడానికి పట్టింది మూడు నెలలు. ఈలోపు ఎన్ని బ్యాకప్పులు తీశారో, ఎన్ని ఎక్సెల్ షీట్లు ఎవరెవరికి మెయిలయ్యాయో భగవంతుడికే ఎరుక. వాటిని ఏ స్క్రిప్టూ వెనక్కి తేలేదు.

కాబట్టి "తర్వాత తెలుసుకుంటార్లే" అనకండి. నేను తర్వాతే తెలుసుకున్నాను. నా చదువుకి ఖరీదు ఆవిడ కట్టింది.

పోనీ ఇదేమన్నా నిన్నమొన్న కనిపెట్టిన విద్యా? కంప్యూటర్లో పాస్‌వర్డులు మొదలైన తొలినాళ్ళలోనే, 1960లలో, ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే సిస్టం ఉండేది. 1966లో ఒకసారి ఎడిటర్‌లో తాత్కాలిక ఫైళ్ళు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాడికీ ఆ రోజు సందేశం బదులు మొత్తం పాస్‌వర్డుల ఫైలు తెర మీద ప్రత్యక్షమైంది. ఎవరూ దాడి చెయ్యలేదు, చిన్న పొరపాటు, అంతే. ఫైలులో పాస్‌వర్డులు ఉన్నదున్నట్టు ఉంటే ఏదో ఒక రోజు అవి బయటపడక మానవని అప్పుడే తేలిపోయింది.

1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ యూనిక్సు పాస్‌వర్డుల మీద ఒక పేపరు రాశారు. మనం ఇవాళ చెప్పుకునే ముక్కలన్నీ అందులో ఉన్నాయి: పాస్‌వర్డుని దాచకండి, వెనక్కి తిప్పలేని విధంగా మార్చి ఆ ఫలితాన్ని దాచండి, ఒక్కొక్కరికీ వేరే సాల్ట్ కలపండి, ఆ మార్చే పనిని కావాలనే నెమ్మదిగా చెయ్యండి. తమాషా ఏంటంటే, పైన చెప్పిన 1988 వర్మ్ వదిలిన కుర్రాడు ఈ మోరిస్ గారి సుపుత్రుడే. ఆ వర్మ్ తనతో 432 మాటల జాబితా ఒకటి పట్టుకెళ్ళి, దాంతో పాస్‌వర్డులు ఊహించేది. నాన్న రాసిన హెచ్చరిక ఊరికే రాయలేదని కొడుకు రుజువు చేసినట్టయింది :-)

ఆ మూడు ముక్కలు మన భాషలో చెప్పుకుందాం. హ్యాష్ అంటే పిండి మర. బియ్యం వేస్తే పిండొస్తుంది, పిండి నుంచి బియ్యం రావు. మళ్ళీ లాగిన్ అయినప్పుడు ఆ బియ్యాన్ని మళ్ళీ మరలో వేసి, వచ్చిన పిండీ దాచిన పిండీ ఒకటేనా అని చూడాలి. సాల్ట్ అంటే నిజంగానే ఉప్పు. ఇద్దరు ఒకే బియ్యం తెచ్చినా ఇద్దరి పిండీ ఒకలా ఉండకుండా, ఒక్కొక్కరికీ ఒక్కో రకం చిటికెడు కలపడం. ఇక నెమ్మది అంటే, మర గంటకి బస్తాలు బస్తాలు ఆడకూడదు. నిజమైన యూజరు ఒక్కసారి పట్టించుకుంటాడు, పావు సెకను ఆగితే వాడికి నష్టం లేదు. దొంగకి కోట్లసార్లు పట్టించాలి, వాడు చచ్చిపోతాడు.

ఈ మూడూ వదిలేస్తే ఏమైందో చూడండి. 2009 డిసెంబరులో రాక్‌యూ అనే సైటు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో బద్దలైంది. 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు, ఉన్నవి ఉన్నట్టు. అందులో దాదాపు 2 లక్షల 90 వేల మంది పాస్‌వర్డు 123456. ఇవాళ్టికీ పాస్‌వర్డులు బద్దలు కొట్టేవాళ్ళకి ఆ జాబితాయే పెద్దబాలశిక్ష. 2012లో లింక్డ్‌ఇన్. వాళ్ళు హ్యాష్ చేశారు, కానీ ఎస్‌హెచ్‌ఏ1 అనే వేగమైన మరలో, ఉప్పు లేకుండా. ముందు 65 లక్షలన్నారు, 2016కి అది 11 కోట్లు దాటిందని తేలింది. 2013లో అడోబీ. పాస్‌వర్డుల్ని హ్యాష్ చెయ్యకుండా ఎన్‌క్రిప్ట్ చేశారు, అందరికీ ఒకే తాళం. ఒకే పాస్‌వర్డు ఉన్నవాళ్ళందరికీ ఒకే గుర్తొచ్చింది. పక్కనే వాళ్ళు రాసుకున్న హింట్లు మామూలు అక్షరాల్లో. గళ్ళనుడికట్టు పూరించినట్టు పూరించుకున్నారు జనం.

ఇక మీ అభ్యంతరాలు నాకు తెలుసు. ఆఫీసులో లంచ్ టైములో అన్నీ విన్నాను.

"మొదటి సంవత్సరం పిల్లలకి ఇవన్నీ చెబితే బెదిరిపోతారు." ఎలక్ట్రికల్ ల్యాబులో మెయిన్ ఆపకుండా వైరు పట్టుకోమని మొదటి సెమిస్టర్లో నేర్పి, మెయిన్ ఆపడం నాలుగో సెమిస్టర్లో చెబుతారా? పైగా బెదిరిపోయేంత ఏముంది? పీహెచ్‌పీలో 2013 నుంచి పాస్‌వర్డ్ హ్యాష్, పాస్‌వర్డ్ వెరిఫై అని రెండు ఫంక్షన్లు ఉన్నాయి. ఉప్పు అదే వేసుకుంటుంది, నెమ్మది అదే చూసుకుంటుంది. రిజిస్టర్ దగ్గర మొదటిది, లాగిన్ దగ్గర రెండోది. మొత్తం రెండు లైన్లు. == పెట్టినా ఒక లైను పోయేదే కదా! జావా, పైథాన్ వాళ్ళకి బీక్రిప్ట్, ఆర్గాన్2 లైబ్రరీలున్నాయి. సీ భాషలో ఇలాంటి సదుపాయం ప్రామాణిక లైబ్రరీలో లేదు, ఒప్పుకుంటా. అందుకే అంటున్నా, సీ ల్యాబులో లాగిన్ నేర్పకండి. ఇఫ్-ఎల్స్ నేర్పడానికి కరెంటు బిల్లు స్లాబుల ప్రోగ్రాం ఉంది, అది చాలు. స్ట్రింగులు పోల్చడం నేర్పాలా? రోల్ నంబరు వెతికించండి. దానికి లాగిన్ అని పేరు పెట్టకండి, అంతే.

"ఫ్రేమ్‌వర్క్ చూసుకుంటుందిగా." చూసుకుంటుంది. జాంగో తనంతట తనే హ్యాష్ చేస్తుంది. కానీ తలుపు తాళం వేసినా, వేసే ముందు వాకిట్లో పాస్‌వర్డు చదివితే? 2018 మేలో ట్విట్టర్ సరిగ్గా ఇదే ఒప్పుకుంది. బీక్రిప్ట్ వాడుతున్నారు, కానీ హ్యాష్ అయ్యేలోపే ఒక లాగులో పాస్‌వర్డు రాసుకుపోతోంది. 33 కోట్ల మందిని పాస్‌వర్డు మార్చుకోమన్నారు. 2019 మార్చిలో ఫేస్‌బుక్‌దీ ఇదే కథ, కోట్లాది పాస్‌వర్డులు లోపలి సిస్టముల్లో మామూలు అక్షరాల్లో దొరికాయి. దానికి 2024 సెప్టెంబరులో ఐర్లండు డేటా సంస్థ 9 కోట్ల 10 లక్షల యూరోల జరిమానా వేసింది. ఫ్రేమ్‌వర్కు హ్యాష్ చేస్తుంది. "ఈ మాట ఎక్కడా రాయకూడదు" అన్న భయం మాత్రం మనిషికే ఉండాలి. ఆ భయం మొదటి ప్రోగ్రాముతోనే రావాలి.

"ఎండీ5 పెట్టాంగా." ఒక మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వందల కోట్ల ఎండీ5లు లెక్కేస్తుంది. మీది పిండి మర కాదు, రైసు మిల్లు.

"మా సైటు చిన్నది, మా దగ్గరికెవడొస్తాడు?" మీ దగ్గర డబ్బు లేకపోవచ్చు. మీ దగ్గరున్న పాస్‌వర్డే వాళ్ళ జీమెయిలుకీ, బ్యాంకుకీ కూడా. ఆ అమ్మ అదే చెప్పింది. చిన్న సైటులో దొరికిన తాళంచెవితో పెద్ద ఇళ్ళన్నీ తిప్పి చూస్తారు. పైగా 2023 నాటి మన డేటా రక్షణ చట్టంలో, సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని రాశారు. చిన్న సైటుకి మినహాయింపు ఉంటుందన్న ధీమాతో కూర్చోకండి.

"ఇప్పుడు కోడ్ ఏఐ రాస్తోందిగా." రాస్తోంది. అది కూడా మన ల్యాబు రికార్డుల్లాంటి కోడే బోలెడంత చదివి పెరిగింది. అడిగితే మంచిదీ రాస్తుంది, అడగకపోతే అడ్మిన్123 కూడా రాస్తుంది. చూసి "ఇది తప్పు" అనే మనిషి కావాలి. ఆ మనిషినే మనం తయారుచెయ్యట్లేదంటున్నాను.

సరే, మా చెల్లి సంగతి. ఆ ఆదివారం సాయంత్రం ఇద్దరం వీడియో కాల్లో కూర్చున్నాం. కోడ్‌లోంచి పాస్‌వర్డు తీసేశాం, బీక్రిప్ట్ లైబ్రరీ కలిపాం, రెండు సందేశాలు ఒకటి చేశాం. గంట కూడా పట్టలేదు. ఒకే పాస్‌వర్డుతో ఇద్దరు యూజర్లని పెట్టి, టేబుల్లో రెండూ వేరువేరుగా కనిపిస్తుంటే "భలే ఉందన్నయ్యా, నాక్కూడా తెలీట్లేదు దాని పాస్‌వర్డేంటో" అంది. అదీ లాగిన్ ప్రోగ్రాం అంటే. రాసినవాడికి కూడా తెలియకూడదు.

మంగళవారం మెసేజు పెట్టింది: "సార్ ఒప్పుకోలేదు. మాన్యువల్లో ఉన్నదే రాయమన్నారు. ఎక్స్‌టర్నల్‌కి అదే కావాలట." రికార్డులో అడ్మిన్123 రాసుకుంది, మార్కులు ముఖ్యం కదా. నేనూ రాసుకోమనే అన్నా. ఆ సారుని తిట్టను, ఆయనా మాన్యువలుకి కట్టుబడ్డవాడే. కానీ ఆ క్లాసులో మిగతా యాభైతొమ్మిది మందికి అన్నయ్య లేడు. వాళ్ళు రెండు మూడేళ్ళలో మన టీముల్లోకే వస్తారు. వాళ్ళకి కూడా ఎవడో లీడు "లాగిన్ నువ్వు చెయ్యి, ఈజీయేగా" అంటాడు.

అందుకని ఇది చదివిన మీకు ఒక చిన్న పని. సిలబస్ మార్చడం మన చేతిలో లేదు. రేపు ఆఫీసుకెళ్ళగానే మీ ప్రోడక్టులో "పాస్‌వర్డ్ మర్చిపోయాను" నొక్కండి. మీ పాత పాస్‌వర్డే మెయిల్లో వచ్చిందంటే, మీ టేబుల్లో కూడా ఏదో ఒక అమ్మ దాచుకున్న పేరు ఉందన్నమాట. లాగుల్లో మీ పాస్‌వర్డు కోసం ఓసారి వెతకండి. కొత్తగా చేరిన కుర్రాడికి లాగిన్ ఇచ్చే ముందు పది నిమిషాలు పక్కన కూర్చోండి.

నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మీరు కూర్చోండి.